హద్దు దాటుతున్న గొడ్డలి

సెనెగల్ దక్షిణ భాగంలోని కసమాన్స్ అడవుల్లో అనుమతి లేకుండా రోజ్‌వుడ్ చెట్టు కొట్టడం నేరం. కొట్టిన దుంగను బండికెత్తి, హద్దు దాటించి గాంబియాలో దించితే అది సరుకు. బంజుల్ రేవులో కంటెయినర్‌కు ఎక్కితే ఎగుమతి. చైనా తీరం చేరేనాటికి అది ఏ అడవిలో పుట్టిందని అడిగేవాడే ఉండడు. ఈ తంతు ఏళ్ల తరబడి పట్టపగలే సాగింది. తన గడ్డ మీద ఆ చెట్టు దాదాపు తుడిచిపెట్టుకుపోయిన గాంబియా, చైనాకు రోజ్‌వుడ్ పంపే ప్రధాన దేశాల్లో ఒకటిగా నిలిచిందంటే, ఆ కలప ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు. 2012 నుంచి 2020 దాకా కసమాన్స్‌లో నేలకూలిన చెట్లు 16 లక్షలని ఎన్విరాన్‌మెంటల్ ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీ అంచనా కట్టింది.

పోయింది చెట్లు మాత్రమే కాదు. ఎండాకాలంలో గడ్డి మాడిపోయినప్పుడు పశువులను ఆదుకునే ఆకుమేత ఈ చెట్టుదే. కసమాన్స్‌లో 1982 నుంచి వేర్పాటు పోరు నడుస్తోంది. కలప సొమ్ము ఆ తిరుగుబాటుదారులకూ అందింది. 2018 జనవరిలో బయోట్ అడవిలోకి కట్టెలకు వెళ్లిన 14 మంది హత్యకు గురయ్యారు. 2022 జనవరిలో దొంగ కలప రవాణాను అడ్డుకోబోయిన సెనెగల్ సైనికుల్లో కొందరు ప్రాణాలు కోల్పోగా, కొందరు బందీలయ్యారు. ఈ మధ్యలో 2018లో సెనెగల్ తన అటవీ చట్టానికి పదును పెట్టి, శిక్షలు పెంచింది. అయినా గొడ్డలి ఆగలేదు. శిక్ష పెరిగింది హద్దుకు ఒక వైపే. లాభం చేతికందుతున్నది రెండో వైపు.

ఉమ్మడి అడవుల విషయంలో ఆఫ్రికా దేశాలు గుర్తించాల్సిన చేదు నిజం ఇదే. రెండు మూడు దేశాల మీదుగా పరచుకున్న అడవిలో ఎవరి కాపలా అన్నిటికన్నా వదులుగా ఉంటుందో, ఆ అడవి మొత్తానికీ ఆ కాపలాయే దిక్కు. పొరుగున ఎంత కఠిన చట్టం ఉన్నా దొంగ ఆ దారిన రాడు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు సాగే రక్షణ అసలు రక్షణే కాదు.

తెలుగువారికి ఈ కథ కొత్తదేమీ కాదు. మన శేషాచలం ఎర్రచందనానికి ఆ ఆఫ్రికా చెట్టు దగ్గరి చుట్టం. రెండూ టెరోకార్పస్ ప్రజాతివే. ఖరీదైన ఫర్నిచర్ కోసం చైనా ‘హాంగ్‌మూ’గా గుర్తించిన కలపల జాబితాలో రెండూ ఉన్నాయి. ఇక్కడా దుంగ పడేది ఒక రాష్ట్రంలో, కూలీ వచ్చేది మరో రాష్ట్రం నుంచి. 2015 ఏప్రిల్‌లో శేషాచలంలో పోలీసు కాల్పులకు బలైన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవారే. రెండు రాష్ట్రాల మీదా ఒకే కస్టమ్స్ శాఖ, ఒకే సుప్రీంకోర్టు ఉన్న దేశంలోనే అదుపు అంతంతమాత్రం. పైన అడిగే వ్యవస్థ ఏదీ లేని రెండు స్వతంత్ర దేశాల నడుమ పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు.

మధ్య ఆఫ్రికాలో అది ఊహ కాదు, జరిగిపోయిన నష్టం. గాబన్‌లోని మింకెబె జాతీయ పార్కులో 2004-14 నడుమ దాదాపు 25 వేల అడవి ఏనుగులు కనుమరుగయ్యాయని 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది. అంటే ఉన్నవాటిలో ఇంచుమించు 80 శాతం. గాబన్ వైపు దగ్గరి పట్టణం పార్కుకు 58 కిలోమీటర్ల దూరంలో ఉంటే, కామెరూన్ జాతీయ రహదారి పార్కు అంచుకు ఆరు కిలోమీటర్లలోనే ఉంది. వేటగాళ్లు అటు నుంచే వచ్చి, దంతాలతో అటే వెళ్లారు. గాబన్ గార్డుల అధికారం హద్దురాయి దగ్గర ఆగిపోయింది. ఈ ప్రాంత ఉమ్మడి రక్షణకు కామెరూన్, గాబన్, కాంగో 2005లోనే ఒప్పందం రాసుకున్నాయన్నది గమనార్హం. ఏనుగులు పోయింది ఆ ఒప్పందం అమల్లో ఉండగానే.

ఒప్పందాలకు కొదవ లేదు. 1999లో యవుండే ప్రకటన, 2005లో బ్రాజవిల్‌లో కుదిరిన మధ్య ఆఫ్రికా అటవీ సంఘం ఒడంబడిక ఉండనే ఉన్నాయి. కాగితం నేల మీదికి దిగిన చోట ఫలితం కనబడింది కూడా. కామెరూన్, కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ కలిసి 2000లో కుదుర్చుకున్న సంఘా నది అడవుల ఒప్పందం ప్రకారం మూడు దేశాల గార్డులూ కలిసి గస్తీ తిరుగుతున్నారు. నిధుల కోసం ఒక ట్రస్టు ఏర్పడింది. 2012లో యునెస్కో ఆ అడవులను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అయితే 2013లో మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో ప్రభుత్వం కూలిన కొద్ది వారాలకే సాయుధులు ఆ అడవుల్లోని జంగా బాయి మైదానంలోకి చొరబడి 26 ఏనుగులను చంపారు. ముగ్గురిలో ఒకరు తడబడితే మొత్తం ఏర్పాటే గుల్లవుతుందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇప్పుడు ముంచుకొస్తున్న ముప్పు మరీ పెద్దది. కాంగో నదీ తీరాన కాంగో, డెమొక్రాటిక్ కాంగో దేశాల నడుమ 1,67,600 చదరపు కిలోమీటర్ల పీట్ నేలలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం కన్నా కాస్త ఎక్కువే. వేల ఏళ్లుగా కుళ్లకుండా నీటిలో నానుతున్న ఆకూ కొమ్మల పొరల్లో అక్కడ దాదాపు 3,000 కోట్ల టన్నుల కార్బన్ నిల్వ ఉంది. ప్రపంచం మొత్తం బొగ్గు, చమురు, గ్యాస్ మండించి మూడేళ్లలో వదిలేంత అది. నేల తడిగా ఉన్నంత కాలమే ఆ నిల్వ భద్రం. రోడ్డు కోసమో చమురు కోసమో కాలువ తవ్వి నీరు తీసేస్తే పీట్ ఎండి, కుళ్లి, గాలిలో కలుస్తుంది. కాపాడతామని 2018లో రెండు కాంగోలూ ఇండోనేషియాతో కలిసి బ్రాజవిల్‌లో ప్రకటించాయి. ఐదేళ్లు తిరగకుండానే డెమొక్రాటిక్ కాంగో 30 చమురు, గ్యాస్ బ్లాకుల వేలానికి దిగింది. కొన్ని ఆ నేలల మీదే ఉన్నాయి. 2024లో చమురు బ్లాకుల వేలం రద్దు చేసి, మరుసటి ఏడాదే 52 బ్లాకులతో మళ్లీ తలుపు తెరిచింది. పేద దేశం తన చమురును అమ్ముకోజూడటం నేరమేమీ కాదు. అడవి కాపాడితే ఇస్తామన్న డబ్బు సంపన్న దేశాల నుంచి అరకొరగానే వచ్చిందన్న ఆరోపణలో నిజముంది. కానీ ఇక్కడ ఎండగొట్టే నిర్ణయం ఒక రాజధానిదైతే, పర్యవసానం రెండు దేశాలదీ, ఆపై అందరిదీ.

రక్షణ పేరిట తుపాకీని నమ్ముకోవడమూ ప్రమాదమే. కాంగోలోని మెస్సోక్ జా అడవుల్లో గార్డులు కొట్టి హింసించారన్న బాకా ప్రజల ఫిర్యాదుల మీద ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థే దర్యాప్తు చేయాల్సి వచ్చింది. దేశాల హద్దులు పుట్టక ముందు నుంచీ ఆ అడవిలో తిరుగుతున్నవారు వాళ్లు. ఎవరు ఏ దారిన చొరబడుతున్నారో అందరికన్నా ముందు తెలిసేది వాళ్లకే. వాళ్లను దూరం చేసుకున్న కాపలా కళ్లు లేని కాపలా.

చేయాల్సింది అసాధ్యమైనదేమీ కాదు. కసమాన్స్ విషయంలో కదలిక వచ్చింది అడవిలో కాదు, రేవులో. 2020లో ఒక పెద్ద నౌకా సంస్థ గాంబియా కలపను ఎక్కించుకోవడం ఆపేసింది. 2022లో అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒడంబడిక పశ్చిమ ఆఫ్రికా రోజ్‌వుడ్ వ్యాపారాన్ని నిలిపివేయించగా, జులైలో గాంబియా కలప ఎగుమతిని నిషేధించింది. ఆ నిషేధం సడలకుండా చూడాలి. ఏ దేశపు రేవు నుంచి వెళ్లినా కలప పుట్టిన చోటుకు పొరుగు దేశం ధ్రువీకరణ తప్పనిసరి కావాలి. కస్టమ్స్ లెక్కలు దేశాలు ఇచ్చిపుచ్చుకోవాలి. హద్దు దాటిన దొంగను వెంటాడే అధికారం గార్డులకు దక్కాలి, శిక్షలు ఇరువైపులా ఒకటే కావాలి. ఉమ్మడి నీటి నేలల్లో ఒక దేశం ఏ తవ్వకం చేపట్టాలన్నా రెండో దేశం సమ్మతి తీసుకోవాలి. అక్రమ కలపను తెలిసి కొనడాన్ని నిషేధిస్తూ చైనా 2020 నుంచి అమల్లోకి తెచ్చిన అటవీ చట్టాన్ని దిగుమతుల మీదా కచ్చితంగా ప్రయోగించాలి.

ఇవేవీ చేయకుండా మరో శిఖరాగ్ర సభ, మరో ప్రకటనతో సరిపెడితే కసమాన్స్‌లో జరిగిందే కాంగోలోనూ జరుగుతుంది. రోజ్‌వుడ్‌ను మళ్లీ నాటుకోవచ్చు. ఎండి గాలిలో కలిసిన పీట్‌ను ఏ ప్రభుత్వమూ తిరిగి నేలలో పెట్టలేదు. వేలం ముగిసి, యంత్రాలు దిగాక ఒప్పందాలు వెతుక్కుని లాభం లేదు. రెండు కాంగోలూ ముందే ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.