షేక్ అయిన కొంగలు

పిట్టల ఫొటోలు తీసే మనవాళ్ళకి ఒక మతం ఉంది. కన్ను మీద ఫోకస్ ఉండాలి, కంట్లో వెలుగు చుక్క ఉండాలి, ఈకలు లెక్కపెట్టుకునేంత షార్ప్‌గా ఉండాలి. అలా లేని ఫొటో ఒకటి గ్రూపులో పెట్టి చూడండి, "షేక్ అయింది బాస్" అని ఒక్క ముక్కలో తీర్పు వచ్చేస్తుంది. కావాలనే షేక్ చేశానని చెప్తే ఇంకా జాలిగా చూస్తారు.

కావాలని షేక్ చెయ్యడానికో పేరుంది: ఇంటెన్షనల్ కెమెరా మూవ్‌మెంట్, పొట్టిగా ఐసీఎమ్. షట్టరు తెరుచుకుని ఉన్న ఆ కాసేపూ కెమెరాని చేత్తో కదపడం, అంతే. ప్యానింగ్ వేరు. అందులో పిట్టతో సమానంగా కెమెరా తిప్పుతాం, పిట్ట నిలబడుతుంది, వెనక ఉన్నది గీతలైపోతుంది. ఐసీఎమ్‌లో పిట్టకి అడ్డంగానో, పైకో, చిన్న సున్నా చుట్టినట్టో తిప్పుతాం. పిట్ట కూడా గీత అయిపోతుంది. మిగిలేది ఎగరడం ఒక్కటే.

ఎగిరే పక్షికి షార్ప్ ఫొటో కాస్త అన్యాయమే చేస్తుందని నా అభిప్రాయం. లెక్కేసి చూడండి. కొంగ సెకనుకి 10 మీటర్లు పోతోందనుకుందాం. 1/1000 సెకనులో అది ఒక్క సెంటీమీటరు జరుగుతుంది. ఆ ఫొటోలో ఉన్నది గాల్లో వేలాడదీసిన కొంగ. 1/8 సెకను ఇస్తే 1.25 మీటర్లు పోతుంది. చిన్న తెల్లకొంగ రెక్కలు రెండూ చాపితే 90 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటాయి. అంటే తన ఒంటికన్నా పొడుగైన దారి ఫొటోలో పడుతుంది, రెక్క ఆడిన అల కూడా ఆ దారిలోనే ఉంటుంది. చిన్నప్పుడు కొంగల గుంపు పోతుంటే గోళ్ళు రుద్దుకుంటూ పూలడిగినవాళ్ళకి గుర్తున్నది ఏమిటి? ఆకాశంలో సాగిపోయిన తెల్లగీతే కదా. కొంగ కన్ను ఏ రంగో ఎవడు చూశాడు?

ఇదేమీ కొత్త గొడవ కాదు. 1882లో ఫ్రాన్సులో మారే అనే శరీరశాస్త్రవేత్త తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేశాడు. పిట్టకి గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కితే సెకనుకి 12 బొమ్మలు పడేవి. ఆయనకి కావలసింది డీబగ్గింగ్: రెక్క ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, అంతే. మన బర్స్ట్ మోడ్ ఆ తుపాకీకి మునిమనవడు. రెండో దారి పట్టినవాళ్ళలో ఎర్నెస్ట్ హాస్ ఉన్నాడు. స్పెయిన్ ఎద్దుల పోరుని నిదానమైన షట్టరుతో, రంగులు పారినట్టు తీశాడు. 1957లో లైఫ్ పత్రిక వాటిని అచ్చేసింది. ఆ బొమ్మల్లో ఎద్దు కొమ్ము ఎక్కడుందో వెతుక్కోవాలి, ఊపు మాత్రం మన మీదకే వస్తుంది.

మారే దారిలో ఇప్పుడు కష్టం తక్కువైపోయింది. 2020 తరవాత వచ్చిన మంచి మిర్రర్‌లెస్ కెమెరాలు పిట్ట కన్నుని వాటంతటవే వెతికి పట్టుకుంటాయి. ఈఎమ్ఐ కట్టగలిగితే షార్ప్‌నెస్ కూడా డెలివరీ అవుతుంది. (మనలో కట్టనివాడెవడు?) ఐసీఎమ్‌కి కెమెరాతో వచ్చిన కిట్ లెన్స్ చాలు. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉంటే ఆపెయ్యాలి, లేకపోతే మనం కదుపుతుంటే అది ఆపుతూ కూర్చుంటుంది.

ఒక న్యాయం కూడా ఒప్పుకోవాలి. ఏ పిట్ట, ఎక్కడ, ఎప్పుడు అని రాసుకునేవాళ్ళకి నా ఫొటోలు దేనికీ పనికిరావు. సలీం అలీ 1931లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే చేశాడు. 1980లో మొదలైన మన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో ఉంది. అలాంటి పనికి షార్ప్ ఫొటోయే సాక్ష్యం. తెల్లగీతని చూపించి ఇది చిన్నకొంగా, పెద్దకొంగా అని వాదించలేం.

ఇక మా అంబర్‌పేట సంగతి. ఇక్కడ ఆకాశంలో ఎప్పుడు చూసినా గద్దలే. అయినా ఐసీఎమ్‌కి గద్ద పనికిరాదు. కారణం మనకి తేలిగ్గా ఎక్కేదే: సెన్సారు ఒక పెద్ద ఫర్ లూప్, షట్టరు మూసేదాకా వెలుగుని కూడుతూనే ఉంటుంది. నల్లటిది సున్నా. వెలుగున్న ఆకాశం ముందు గద్ద జరిగిపోతే, అది ఖాళీ చేసిన చోట ఆకాశం వచ్చి కూడికలో పడుతుంది, గద్ద చెరిగిపోతుంది. తెల్లకొంగది తిరగేసిన లెక్క. వెనక చీకటి చెట్లో, నల్లటి నీళ్ళో ఉంటే కొంగ పోయిన ప్రతిచోటా తెలుపు జమవుతుంది. అంచేత కావలసింది తెల్లపిట్ట, నల్లటి వెనకభాగం, మసక వెలుతురు. అంబర్‌పేట నుంచి ఉప్పల్ వైపు మూసీ ఒడ్డున సాయంత్రం పొద్దుగూకేవేళ ఈ మూడూ దొరుకుతాయి. వంద నొక్కితే ఒకటో రెండో మిగులుతాయి.

అసలు పేచీ ఇక్కడే. ఆ నల్లటి నీళ్ళు ఎందుకంత నల్లగా ఉన్నాయో మనకి తెలుసు. అంబర్‌పేటలో రోజుకి 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేసే ప్లాంటు ఉన్నా మూసీ మూసీలాగే ఉంది. కిందికి పీర్జాదిగూడ దాకా ఆ నీళ్ళతోనే ఏళ్ళ తరబడి పశువుల గడ్డి పండించారు. గడ్డి ఉంటే గేదెలు, గేదెలుంటే పురుగులు, పురుగులుంటే కొంగలు. అంటే నా ఫొటోలో తెల్లగీత వెనక ఉన్నది ఈ ఊరి డ్రైనేజీ. ఐసీఎమ్‌లో నురగ, ప్లాస్టిక్ కవర్లు, నాచు అన్నీ కలిసి ముదురు ఆకుపచ్చ పట్టుచీరలా వస్తాయి. డ్రాయింగు రూములో ఫ్రేము కట్టించుకోవచ్చు. చూసినవాళ్ళు కేరళా అని అడుగుతారు.

అందుకని ఐసీఎమ్ మానెయ్యమనను. అబద్ధం చెప్పేది ఫొటో కాదు, దాని కింద మనం రాసే మాట. ఈ రకం ఫొటోల కింద 'స్వేచ్ఛ', 'ఆత్మ ప్రయాణం' లాంటి పేర్లు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. షార్ప్ ఫొటోలో చెత్త దానంతటదే కనపడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఐసీఎమ్‌లో మనమే చెరిపేశాం కాబట్టి మాటల్లో తిరిగి పెట్టాల్సింది మనమే. నేను 'మూసీ, అంబర్‌పేట, మురుగునీటి మీద కొంగలు, 1/8 సెకను' అని రాస్తాను. లైకులు తగ్గుతాయి, నిజమే.

ఇంకో లెక్క కూడా మారుతోంది. ఉప్పల్ భగాయత్ అంటే పేరులోనే తోటలున్నాయి. అక్కడ హెచ్‌ఎమ్‌డీఏ 2019లో ప్లాట్లు వేలం వేసింది. మేడలు లేచేకొద్దీ కొంగల వెనక చీకటి తగ్గుతోంది. సెన్సారుకి కొంగ తెలుపు, ఎల్‌ఈడీ తెలుపు అని తేడా లేదు, రెండిటినీ కూడేస్తుంది. ఈమధ్య తీసినవాటిలో సగానికి పైగా బాల్కనీ లైట్ల గీతలే దట్టంగా పడుతున్నాయి, కొంగల్ని వాటి మధ్యలో వెతుక్కోవాల్సి వస్తోంది.