ఆదివారం రాలేకపోయిన సహోదరి



ఈ వారం మా తప్పు ఒకటి ఒప్పుకొని మొదలుపెడతాం. కొన్నేళ్ల కిందటి మాట. సండేస్కూలు పిల్లలకు పాఠం చెప్పే ఒక సహోదరి వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనకు రాలేదు. నాలుగో ఆదివారం వచ్చింది. ఆరాధన ముగిశాక, గుమ్మం దగ్గర అందరూ నిలబడి ఉండగానే, "ఏమ్మా, దేవుని పనికి తీరిక దొరకడం లేదా?" అన్నాం. ఆమె తల వంచుకొని వెళ్లిపోయింది.

రెండు రోజుల తర్వాత భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. పెళ్లయి తొమ్మిదేళ్లు. పిల్లల కోసం కర్నూలులో చికిత్స చేయించుకుంటున్నారు. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఏడాదికి ఉన్న కొద్ది సెలవులు జూలైకే అయిపోయాయి. ఆ పైన పోయిన ప్రతి రోజుకూ జీతం కోత. అది చాలదన్నట్టు, సెలవు చీటీ మీద కారణం రాయాలన్నారు. ఒకసారి జ్వరమని రాసింది, ఒకసారి బంధువుల పెళ్లి అని రాసింది. అందుకే వీలైన పరీక్షలన్నీ ఆదివారానికి పెట్టించుకుంది. "అయ్యగారూ, ఎవరినీ అడగకుండా పొయ్యొచ్చేకి నాకు ఉండేది ఆదివారమొక్కటే" అంది.

ఆమె అనుమతి తీసుకొనే ఇది రాస్తున్నాం. ఎవరా అని వెతకకండి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బడిలో ఆమెను కారణం అడిగారు. గుడిలో మేమూ కారణం అడిగాం. తేడా ఏముంది?

సమూయేలు మొదటి గ్రంథం తెరిచి హన్నా కథ మళ్లీ చదివాం. ఇన్నేళ్లు హన్నా ప్రార్థన గురించే ప్రసంగించాం. ఆ రాత్రి మాత్రం ఏలీ కనిపించాడు. షిలోహు మందిరంలో ద్వారం దగ్గర కూర్చున్న యాజకుడు ఆయన. పెదవులు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు. అంతే చూశాడు, తాగి వచ్చిందనుకొని గద్దించాడు. కడుపులో దుఃఖం ఉన్న మనిషిని పైనుంచి చూసి తీర్పు తీర్చాడు. మా గుమ్మం దగ్గర మేము చేసింది కూడా అదే.

ఈ చికిత్స ఎందుకింత సెలవు అడుగుతుందో తెలియకే మనం అలా మాట్లాడతాం. అందుకని కొంచెం వివరంగా చెబుతాం. ఐవీఎఫ్ అంటే ఒక రోజు ఆసుపత్రికి పోయి వచ్చే పని కాదు. నెలసరి వచ్చిన రెండో రోజో మూడో రోజో ఇంజెక్షన్లు మొదలవుతాయి. సుమారు పది పన్నెండు రోజులు సాగుతాయి. ఈ మధ్యలో రెండు మూడు రోజులకొకసారి స్కానింగ్, రక్తపరీక్ష. అండాలు సిద్ధమయ్యాయని డాక్టరు చెప్పాక చివరి ఇంజెక్షన్ ఫలానా గంటకే వేసుకోవాలి. అక్కడి నుంచి దాదాపు 36 గంటలకు, మత్తు ఇచ్చి అండాలు బయటికి తీస్తారు. ఆ రోజు సాధారణంగా భర్త కూడా ఉండాలి. తర్వాత కొన్ని రోజులకో, పిండాన్ని శీతలంలో దాచి ఉంచితే మరో నెలలోనో, దాన్ని గర్భసంచిలో పెడతారు. ఇంకో రెండు వారాలు ఆగితే గానీ ఫలితం తెలియదు.

ఇందులో ఏ తేదీ కూడా నెల ముందు తెలియదు. "ఎల్లుండి రండి" అంటారు. ఎల్లుండి వెళ్లాలంటే రేపే సెలవు అడగాలి. పట్నంలో ఉండేవాళ్లు ఉదయం స్కానింగ్ చేయించుకొని పదింటికి పనిలో చేరగలరు. మహానంది నుంచి నంద్యాల, అక్కడి నుంచి కర్నూలు పోయి రావాలంటే పావుగంట స్కానింగుకు పగలంతా పోతుంది. హైదరాబాదు పోయేవాళ్ల సంగతి చెప్పనక్కరలేదు.

నెల జీతగాళ్ల సంగతి ఇది. మన చుట్టూ అరటి తోటల్లో గెలలు కోసి లారీలకు ఎత్తే అన్నలకు సెలవన్న మాటే లేదు. రాని రోజు కూలి లేదు. రెండు రోజులు రాకపోతే జట్టులో వాళ్ల చోటికి ఇంకొకరు వస్తారు. చికిత్సకు చేసిన అప్పు ఒక పక్క, పోయిన కూలి ఒక పక్క.

మరి చట్టం ఏమంటుంది? 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవును 26 వారాలకు పెంచారు. గర్భస్రావమైతే జీతంతో 6 వారాలు ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. ఇది మన సహోదరీలలో చాలామందికి తెలియదు, తెలుసుకోండి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట్ల, ఏడాదిలో 80 రోజులు పనిచేసిన స్త్రీకి ఈ హక్కు ఉంది. 2024 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం తన ఉద్యోగుల నిబంధనలు మార్చి, సరోగసీ ద్వారా బిడ్డను పొందే తల్లికి కూడా 180 రోజుల సెలవు ఇచ్చింది. మంచిదే. కానీ గమనించండి, ఇవన్నీ గర్భం నిలిచాక, బిడ్డ పుట్టాక, లేదా ఆ గర్భం పోయాక వచ్చే సెలవులు. బిడ్డ కోసం తిరిగే రోజులకంటూ చట్టంలో ఒక్క రోజు కూడా లేదు. దక్షిణ కొరియాలో ఈ చికిత్సకు ఏడాదికి 3 రోజులు ఉండే సెలవును 2025 ఫిబ్రవరి నుంచి 6 రోజులు చేశారు, అందులో 2 రోజులకు జీతం ఉంటుంది. మన దగ్గరా అటువంటిది రావాలని మేము కోరుకుంటున్నాం. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ బాధ పడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇది ఒకరిద్దరి సమస్య కాదు.

"దేవుని చిత్తమైతే పిల్లలు పుడతారు, ఈ తిరుగుడు ఎందుకు?" అనేవాళ్లు మనలో ఉన్నారు. సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడనే పిలిచాడు. కంటి ఆపరేషనుకు పోయేవాళ్లను మనం ఆపడం లేదు. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం కూడా చూడండి. కొత్తగా పెళ్లైన వాడిని యుద్ధానికి పంపకూడదు, ఏ భారమూ మోపకూడదు, ఏడాది ఇంటి దగ్గరుండి భార్యను సంతోషపెట్టాలి అని ఉంది. చుట్టూ శత్రువులున్న ఒక జనానికి దేవుడు ఇచ్చిన సెలవు అది. కుటుంబం నిలబడటానికి రోజులు కావాలని ఆయనకు తెలుసు.

చికిత్సలో ఉన్న దంపతులకు, ఆ సహోదరి దగ్గర మేము నేర్చుకున్నవి నాలుగు మాటలు. మొదటిరోజే డాక్టరును అడిగి, జరపడానికి వీలులేని రోజులేవో, ఒకరోజు అటూ ఇటూ అయినా పర్వాలేదనే రోజులేవో రాయించుకోండి. సెలవులను ముందు మొదటి రకానికి దాచండి. పనిచేసే చోట నమ్మదగిన ఒక్కరికి ముందే చెప్పండి: "వైద్యం జరుగుతోంది, తేదీలు రెండు రోజుల ముందే తెలుస్తాయి." అంత చాలు. ఏం వైద్యమో చెప్పాల్సిన పని లేదు, అబద్ధం రాయాల్సిన పనీ లేదు. పిండం పెట్టాక రెండు వారాలు మంచం దిగకూడదని ఇరుగుపొరుగు చెబుతారు. అలా పడుకోవడం వల్ల గర్భం నిలిచే అవకాశం పెరగదని వైద్యులు అంటున్నారు. ఉన్న సెలవులు దానికి పోగొట్టుకోకుండా మీ డాక్టరు మాట వినండి. చివరిది, ఫలితం వచ్చే రోజుకు ఒక సెలవు మిగుల్చుకోండి. ఆ రోజు ఏ వార్త వచ్చినా బోర్డు ముందు నిలబడి లెక్కలు చెప్పడం కష్టం.

భర్తలకు ఒక మాట. లోపం ఆమెలోనే ఉందనుకొని ఆమె సెలవులే ఖర్చు పెట్టకండి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుంది. స్కానింగుకు తోడు పోండి. ఎల్కానా హన్నాను ప్రేమించాడు, పదిమంది కొడుకులకంటే నేను ఎక్కువ కాదా అని ఓదార్చబోయాడు. ఆ మాట ఆమె కన్నీరు ఆపలేదు. కానీ తర్వాత, బిడ్డ పాలు మానేవరకు యాత్రకు రాలేనని ఆమె అన్నప్పుడు, కారణాలు తవ్వకుండా నీకు మంచిదనిపించినట్టే చెయ్యమన్నాడు. ఆ రెండో ఎల్కానాలాగా ఉండండి.

బడులు, దుకాణాలు, తోటలు నడిపే సహోదరులారా, "అందరూ ఇట్లా అడిగితే మా పని ఎట్లా జరుగుతుంది?" అనే మీ బాధ మాకు తెలుసు. ఎనిమిదిమంది టీచర్లున్న బడిలో ఒకరు రాకపోతే కష్టమే. అయితే లెక్క చూడండి. ఒక విడత చికిత్సకు పట్టేది చెదురుమదురుగా ఏడెనిమిది రోజులు. జీతం ఇవ్వలేకపోతే ఆ రోజును ఇంకో రోజుతో సరిపెట్టుకోనివ్వండి. కారణం మాత్రం తరచి అడగకండి.

ఇక సంఘానికి. మన పల్లెల్లో బదులు పని అంటే తెలియనివాళ్లు లేరు. ఈరోజు నీ చేలో నేను, రేపు నా చేలో నువ్వు. ప్రార్థన చేస్తామని చెప్పడం సులువు, ఒక రోజు ఇవ్వడం కష్టం. ఆమెకు సండేస్కూలు ఉంటే మనలో ఒకరు చెబుదాం. ఆయన కూలికి పోలేని రోజు ఆ ఇంటికి ఒక పూట అన్నం పంపుదాం. పొదుపు సంఘం మీటింగుకు ఆమె రాకపోతే ఎందుకు రాలేదని పదిమందిలో అడగవద్దు. "విశేషమేమైనా ఉందా?" అనే మాటను మన నోళ్లలో నుంచి తీసేద్దాం.

మేము ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆ తర్వాతి ఆదివారాలు సండేస్కూలు పాఠం మా ఇంటావిడ చెప్పింది. వాళ్లకు బిడ్డ పుట్టిందా అని మీరు అడుగుతారని తెలుసు. చెప్పం. అది వాళ్ల మాట.

ఒక్కటి మాత్రం చెబుతాం. ఏలీ తన తప్పు తెలుసుకొని మాట మార్చుకున్నాడు, సమాధానంతో వెళ్లమని దీవించాడు. హన్నా వెళ్లి భోజనం చేసింది, ఆ తర్వాత ఆమె ముఖంలో దుఃఖం లేదు. అప్పటికి సమూయేలు ఇంకా కడుపున పడలేదు. బిడ్డను ఇవ్వడం మన చేతిలో లేదు. ఆ మనిషి ఇంటికి పోయి నెమ్మదిగా ఒక ముద్ద అన్నం తినేలా చేయడం మన చేతిలో ఉంది.

ప్రభువు మనకు అటువంటి మనసు దయచేయును గాక. ఆమేన్.