కూర్చునే హక్కు ఎవరిది?

మన ఇళ్లల్లో గోడకు వేలాడే పాత స్టూడియో ఫోటోను ఒకసారి పరీక్షగా చూడండి. భర్త కుర్చీలో కూర్చుని ఉంటాడు. భార్య పక్కన, కుర్చీ మీద చెయ్యి వేసి నిలబడి ఉంటుంది. ఫోటోగ్రాఫరు నిలబడమన్నాడు, నిలబడింది, అందులో ఏముంది అంటారు. ఆ ఫోటోగ్రాఫరుకు ఎవరు చెప్పారు?

ఈ ఏర్పాటు మన ఒక్కరిదే కాదు. 1768లో, అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో, జాన్ సింగిల్టన్ కోప్లీ అనే చిత్రకారుడు పాల్ రివీర్ అనే వెండి పనివాడి తైలవర్ణ చిత్రం వేశాడు. అది ఇప్పుడు బోస్టన్ మ్యూజియంలో ఉంది. ముప్పై మూడేళ్ల యువకుడు కోటు లేకుండా బల్ల ముందు కూర్చుని ఉంటాడు. ఒక చేతిలో వెండి టీ కూజా, ఇంకో చెయ్యి గడ్డం కింద, బల్ల మీద పనిముట్లు. పనివాణ్ణి పనివాడిగానే గౌరవంగా కూర్చోబెట్టిన చిత్రమని దాన్ని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ గౌరవం దక్కింది ఎవరి శ్రమకు? రివీర్ భార్య సారా ఎనిమిది మంది పిల్లల్ని కని 1773లో చనిపోయింది. ఆయన తీరిగ్గా కూర్చుని ఆలోచించడానికి వీలు కల్పించిన చాకిరీ ఆమెది. ఆ చాకిరీకి చిత్రంలో చోటు లేదు.

ఇక మన ఏటికొప్పాకకు వద్దాం. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ లక్కబొమ్మల ఊరికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. అంకుడు కర్రను లేతు మీద తిప్పి, రంగులక్క పట్టించే ఈ పనిలో ఆడవాళ్లూ ఉన్నారు. గుర్తింపు వచ్చిన ప్రతిసారీ మనం అడగాలి: పేరు ఎవరికి? కూలి ఎంత? అది ఎవరి చేతికి అందుతోంది?

అదే బొమ్మ నగరంలో షోరూముకు చేరుతుంది. బొమ్మ అరలో కూర్చుంటుంది. దాన్ని అమ్మే అమ్మాయి పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటుంది. కాళ్లు వాచినా, నెలసరి అయినా, కడుపుతో ఉన్నా అంతే.

కేరళలో బట్టల దుకాణాల స్త్రీలు దీన్ని సహించలేదు. కోళికోడ్‌లో పి. విజి నాయకత్వాన ‘పెణ్‌కూట్టు’గా సంఘటితమయ్యారు. మరుగుదొడ్డి కోసం, కూర్చోవడం కోసం పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు ఇవ్వక తప్పలేదు. 2021లో తమిళనాడూ అదే దారి పట్టింది.

కట్నం చావులు, అత్యాచారాలు ఉండగా కుర్చీ ఒక సమస్యా అని మన మిత్రులే కొందరు అంటారు. స్త్రీ శరీరం అలసిపోదనీ, అలసినా ఫరవాలేదనీ నమ్మే పితృస్వామ్యమే ఆ హింసకూ మూలం. పెద్ద హింసను ఎదిరించే గొంతు ఇలాంటి ‘చిన్న’ పోరాటాల్లోనే గట్టిపడుతుంది.

ఈసారి బట్టల కొట్టుకు వెళ్లినప్పుడు కౌంటరు వెనక బల్ల ఉందో లేదో చూడండి. లేకపోతే యజమానిని నలుగురిలో అడగండి. ఆ అమ్మాయిలతో బయట మాట్లాడండి, సంఘం పెట్టుకోవడానికి తోడు నిలవండి. చట్టం దానంతట అది రాదు. కుర్చీ కూడా అంతే.