పదమూడు నిమిషాల తర్వాత

2025 జనవరి 17 రాత్రి హైదరాబాద్ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కిన ఒక దాత గుండె 13 స్టేషన్లు దాటి 13 నిమిషాల్లో లక్డీకాపూల్ చేరింది. అందరూ సంతోషించారు.

అవయవం అందుకున్న మనిషి కథ అసలు అక్కడే మొదలవుతుంది. శరీరం దాన్ని తిప్పికొట్టకుండా జీవితాంతం మందులు వాడాలి, ఇన్‌ఫెక్షన్లు సోకకుండా చూసుకోవాలి. అలాగని మూల కూర్చోనక్కర్లేదు. 1978లో మొదలైన ప్రపంచ ట్రాన్స్‌ప్లాంట్ క్రీడల్లో పరుగెత్తేది ఇలాంటివాళ్లే! వేళకు మాత్ర వేసుకుని, మళ్లీ పనిలో పడి, పిల్లల పెళ్లిళ్లు చేసి నిండుగా బతకడమే దాత కుటుంబానికి చెప్పే నిజమైన కృతజ్ఞత.

బ్రెయిన్‌డెడ్ అయినవారి అవయవాలు తీసుకోవాలంటే కుటుంబం ఒప్పుకోవాలి. అందుకే మన ఇబ్రహీంపట్నం ఇళ్లలో అవయవదానం మాట ముందే రావాలి. ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోండి, ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ చెప్పండి.