చౌక దయ్యాల పక్షాన

ఆదోనిలో ఈమధ్య ఒక పెళ్లి పందిట్లో, నలుగురూ గౌరవించే పెద్దమనిషి ఒకాయన అన్న మాట ఇది: “ఈ దయ్యాల కామెడీలు తీసేటోళ్లకు దుడ్డూ లేదు, బుర్రా లేదప్పా. యాడిదో ఇంగ్లీషోళ్ల జాంబీని తెచ్చి కర్నూల్లో ఇడిసిపెట్టి మన సీమ పరువు తీసినారు.” పక్కనున్నవాళ్లంతా అవునవునన్నారు. పెళ్లివారిల్లు కాబట్టి అక్కడ నోరు మూసుకున్నాను. ఇక్కడ మూసుకోను.

ఆయన ఒక్కడి మాటైతే వదిలేద్దును. హైదరాబాదులో కూర్చుని సినిమాలకు మార్కులేసేవాళ్ల దగ్గర్నుంచి, డిగ్రీ చదివే మా పత్తికొండ పిల్లల దాకా అందరి నోటా ఇదే. పెద్ద హీరో, కోట్ల గ్రాఫిక్సు ఉంటే అది సినిమా. నలుగురు కొత్త కుర్రాళ్లు ఒక పాత ఇల్లూ, ఒక తెల్లచీరా, ఇంత ఎర్రరంగూ పెట్టుకొని పేరుమోసిన దయ్యం సినిమాను ఆటపట్టిస్తే అది చెత్త. ఇది డబ్బున్నవాడికి పుట్టిన అభిప్రాయం. డబ్బు లేనివాళ్లు కూడా దాన్ని నెత్తిన పెట్టుకొని తిరుగుతుంటే నాకు కడుపు మండుతుంది.

ముందు దుడ్డు సంగతే చూద్దాం. ఇవాళ్టి జాంబీలన్నిటికీ మూలపురుషుడైన సినిమా 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’. దాని ఖర్చు సుమారు 1,14,000 డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. నెత్తురుకు బదులు చాక్లెట్ సిరప్పు పూశారు. పెట్టుబడి పెట్టినవాళ్లలో ఒకాయనకు మాంసం కొట్టు ఉంటే, జాంబీలు తినే మాంసం అక్కణ్నుంచే వచ్చింది. అంటే ఆ భూతం పుట్టిందే పేదింట్లో. 2017లో జపానులో షినిచిరో ఉయెదా అనే దర్శకుడు, నటన నేర్చుకుంటున్నవాళ్లను పెట్టుకొని 30 లక్షల యెన్‌లతో ‘వన్ కట్ ఆఫ్ ద డెడ్’ తీశాడు. మన డబ్బులో 20 లక్షల లోపే. అందులో మొదటి 37 నిమిషాలూ ఒకటే షాటు. చౌకగా జాంబీ సినిమా తీసేవాళ్ల తిప్పలే దాని కథ, దాని హాస్యం. అది జపానులో 300 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసింది. దుడ్డు లేనివాడికి బుర్ర కూడా ఉండదని తీర్పు చెప్పే పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

ఇక జాంబీ పరాయిదట. రోగం అంటుకొని మనుషులు గుంపులుగా కూలిపోయే కథ పత్తికొండకు పరాయిదా? మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జులై 6న కలరాతో ప్రాణం వదిలింది మా పత్తికొండలోనే. రాష్ట్రమంతా ఏలినవాడు పర్యటనకొచ్చి ఇక్కడే పోయాడు. 1876-78 నాటి కరువు ఈ జిల్లాను ఎట్లా మింగిందో ముసలివాళ్ల నోట విన్న తరం ఇంకా పూర్తిగా పోలేదు. నిన్నమొన్నటి కరోనా సరేసరి. అంటురోగపు భయం మాకు అమెరికా నుంచి ఓడెక్కి రానక్కర్లేదు.

అసలు మాట పరువు దగ్గరుంది. పరువు పోయిందని ఆయన అన్నది 2021 ఫిబ్రవరి 5న విడుదలైన ‘జాంబీ రెడ్డి’ గురించి. ప్రశాంత్ వర్మ తీశాడు, తేజ సజ్జా హీరో. హైదరాబాదు కుర్రాళ్లు స్నేహితుడి పెళ్లికని కర్నూలు వైపు వస్తారు. పిల్ల తరపువాళ్లు ఫ్యాక్షన్ కుటుంబం. కరోనా మందు ప్రయోగం వికటించి జాంబీలు పుట్టుకొచ్చి ఆ పగల మధ్యలో పడతాయి. 2020లో పేరు ప్రకటించగానే గొడవ మొదలైంది. ఒక కులం పేరును జాంబీ పక్కన పెడతారా అని. ఎవరినీ కించపరచడం లేదని దర్శకుడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

మరి 1999లో ‘సమరసింహా రెడ్డి’ వచ్చినప్పుడు ఈ పరువు ఎక్కడుంది? 2001లో ‘నరసింహ నాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవ రెడ్డి’ ఒకదాని వెనక ఒకటి వచ్చినప్పుడు ఎవరైనా సంజాయిషీ అడిగారా? పోస్టర్లకు దండలేశాం, పాలు పోశాం. 2003లో ‘ఒక్కడు’ వచ్చాక కొండారెడ్డి బురుజును చూస్తే చాలు, బయటివాళ్లకు కత్తులే గుర్తొస్తాయి. ఆ సినిమాల్లో మా మనిషికి పొలం లేదు, అప్పు లేదు, నీళ్ల కరువు లేదు. తెల్లచొక్కా, మీసం, వేటకొడవలి, గాలిలోకి లేచే సుమోలు, అంతే. సీమ మనిషిని రాక్షసుణ్ని చేసిన సినిమాలు అవి. తెలుగులో వచ్చిన పెద్ద రాక్షస చిత్రాలు నా లెక్కలో అవే. వాటి తాలూకు బిల్లు ఇప్పటికీ మేమే కడుతున్నాం. బెంగళూరులో ఇల్లు అద్దెకడిగితే, “కర్నూలా? బాంబులేసుకుంటారు కదా మీరు?” అని నా మొహం మీదే అన్న ఇంటామెను మరిచిపోలేను. ఆమె పత్తికొండ ఎప్పుడూ చూడలేదు, సినిమా చూసింది.

‘జాంబీ రెడ్డి’ చేసిన మంచిపని ఇక్కడే ఉంది. తొడ కొడితే బెదరనిది, తాతల పగలు తెలియనిది, ఎదుటివాడు ఏ వర్గమో అడగకుండా కరిచేది ఒకటి మీదికొస్తే ఆ మీసాలూ ఆ సవాళ్లూ ఎందుకు పనికొస్తాయి? పగబట్టిన రెండు గుంపులూ ఒకే జాంబీని చూసి ఒకే దారిన పరిగెత్తుతుంటే హాల్లో జనం పడీపడీ నవ్వారు. ఆ నవ్వుతో అదంతా ఎంత చిల్లర వ్యవహారమో తేలిపోయింది. కోట్లు పెట్టిన సినిమాలు ఇరవై ఏళ్లు ఊదిపెంచినదాన్ని ఒక చిన్న సినిమా నవ్వించి గాలి తీసింది. ఈ పని ఏ ఉపన్యాసమూ చేయలేకపోయింది. మా పరువు తీసినవాళ్లను వదిలేసి, నిలబెట్టినవాడి మీద పడతారా?

సీమను భూతంలా చూపించేది సినిమాలు ఒక్కటే కాదు, టీవీవాళ్ల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరం జరిగితే కెమెరాలన్నీ దిగుతాయి, తలలు పగిలిన బొమ్మలు తెల్లారేదాకా తిప్పితిప్పి వేస్తారు. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతికితే మళ్లీ వస్తారు. పత్తికొండ మార్కెట్లో టమోటాకు ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోస్తే ఆ ఎర్రటి బొమ్మ కోసం వస్తారు. కోసిగి, హొళగుంద పల్లెల్లో సగం ఇళ్లు తాళాలేసుకొని మిరపకాయల కోతకు గుంటూరు వైపు పోయినప్పుడు మాత్రం ఒక్కడూ రాడు. ముసలివాళ్లూ పసిపిల్లలూ మాత్రమే మిగిలిన ఆ వీధుల్లో రాత్రిపూట నడిచి చూడండి, భయమంటే ఏమిటో తెలుస్తుంది.

మళ్లీ సినిమా దయ్యాల దగ్గరికొస్తే, దయ్యాన్ని చూసి నవ్వడం మనకు కొత్తా? తోలుబొమ్మలాటలో రావణుడు పది తలలతో తెర మీద గర్జిస్తుంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి నవ్వించి పోయేవాళ్లు. సీమలో నిమ్మలకుంటవాళ్ల చేతుల్లో ఆ బొమ్మలు ఈనాటికీ బతికున్నాయి. రాక్షసుణ్ని వెక్కిరించే హక్కును మన పల్లె ఆటగాళ్లు ఎవరి అనుమతీ అడగకుండా వాడుకున్నారు. బయటి దేశాల్లో అయితే భూతాలను పెంచిన కంపెనీలే ఈ పని చేశాయి. డ్రాక్యులానూ ఫ్రాంకెన్‌స్టైన్ భూతాన్నీ తెర మీద లోకానికి చూపించిన యూనివర్సల్, 1948లో వాటి మీదికి అబట్, కాస్టెల్లో అనే హాస్యగాళ్లను తోలింది. డ్రాక్యులాగా బేలా లుగోసినే మళ్లీ నిలబెట్టింది. 1974లో మెల్ బ్రూక్స్ ‘యంగ్ ఫ్రాంకెన్‌స్టైన్’ తీస్తూ 1931 నాటి సినిమాలోని ప్రయోగశాల సామాన్లనే తెచ్చి వాడాడు. అంత ప్రేమ ఉంటేగానీ పేరడీ కుదరదు.

పిల్లలు చెడిపోతారు, మూఢనమ్మకాలు పెరుగుతాయి అనే వాదనలకు ఎక్కువ చోటివ్వను. నవ్వొచ్చిన దయ్యానికి ఎవడూ ముడుపు కట్టడు. ‘ఆనందో బ్రహ్మ’లో దయ్యాలే మనుషులకు జడుసుకుంటాయి. అది చూసి మూఢనమ్మకం పట్టుకున్నవాడు ఎవడు?

ఇంకో సంగతి. 2013 మే నెలలో హిందీలో జాంబీ కామెడీ ‘గో గోవా గాన్’ తీసిన రాజ్, డీకే ఇద్దరూ చిత్తూరు జిల్లా నుంచి వెళ్లినవాళ్లు. తర్వాత 2018లో ‘స్త్రీ’ రాసిందీ వాళ్లే. ‘ఓ స్త్రీ రేపు రా’ అని మన తలుపుల మీద సుద్దముక్కతో రాసుకున్న భయాన్ని వాళ్లు నవ్వుగా మార్చి దేశమంతా నడిపించారు. సీమ బిడ్డలు ఆ పని చేసింది బొంబాయిలో. ఇక్కడే ఉండి చేసుంటే ఆ పెళ్లి పందిట్లో వాళ్లకూ ఇదే మర్యాద దక్కేది.

మరి ఏం చేయాలి? మహారాష్ట్రలో మాలేగావ్ అని మరమగ్గాల ఊరుంది. అక్కడ షేక్ నాసిర్ అనే వీడియో పార్లరాయన షోలేకూ సూపర్‌మ్యాన్‌కూ తన ఊరివాళ్లతోనే పేరడీలు తీశాడు. సూపర్‌మ్యాన్ వేషం కట్టింది మగ్గం పనివాడు. 2025లో ఆ కథ మీద రీమా కాగ్తీ సినిమా కూడా వచ్చింది. ఎమ్మిగనూరు నేతగాళ్లకు 1938లోనే మాచాని సోమప్ప సహకార సంఘం పెట్టాడు. బట్ట కోసం చేతులు కలిపిన ఊరు బొమ్మ కోసం ఎందుకు కలపదు? ఆదోనిలో జిన్నింగు మిల్లులున్నాయి, మా దగ్గర కోట గోడలున్నాయి, కన్నడం కలిసిన మాట ఉంది. అందరి చేతుల్లో కెమెరా ఉన్న ఫోన్లున్నాయి. కథ కూడా ఉంది: మండీలో కమీషన్ తాగి బతికే ఒక రక్తపిశాచి, వాడి దగ్గరికి టమోటా గంపతో వచ్చిన ఒక ముసలామె. తర్వాత ఏమవుతుందో పిల్లలే రాసుకుంటారు. ఎమ్మిగనూరు నుంచి గానీ ఆదోని నుంచి గానీ ఏ కుర్రాళ్లు ముందుకొచ్చినా షూటింగుకు మా మిద్దె ఇస్తాను, రెండు పూటలా జొన్నరొట్టె మా ఇంట్లోనే.