తాళపుచెవి ఎవరి చేతిలో?

2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా తీర్పు చెప్పిరి: వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు. పుట్టస్వామిగారి వ్యాజ్యమున ప్రత్యేకముగా తీర్పు వ్రాసినవారిలో మన కృష్ణా జిల్లావారైన జాస్తి చలమేశ్వర్‌గారొకరు. న్యాయవాదులమైన మేము ఆనాడు మిక్కిలి సంతసించితిమి. కాని తీర్పు హక్కును ప్రకటింపగలదే గాని ఇంటికి తాళము వేయజాలదు.

నేడు మన జాబులు, బ్యాంకు లెక్కలు, వైద్యుని చీట్లు అన్నియు ఫోనునందే యున్నవి. అవి మాయొద్ద భద్రమని కంపెనీలు చెప్పుచున్నవి. నిజమే కావచ్చును, పరీక్షించుట యెట్లు? గుంటూరు మిర్చియార్డులో కాటా చూడనీయక తూకము చెప్పువానిని మన రైతు నమ్మునా? సిగ్నల్, టార్ వంటి సాధనములు తమ కోడును లోకమునకెల్ల తెరచియుంచినవి. వాని గొప్ప యదియే.

ఈ చాటున దొంగలును దాగుదురని కొందరందురు. దాగవచ్చును. అందులకై ఊరి తలుపుల గడియలన్నియు పెరికింతుమా?

అయితే తెరచియుంచిన చాలదు, చూచువారుండవలెను. ఎక్స్‌జెడ్ అనునది లినక్సు కంప్యూటర్లలో దస్త్రములను కుదించు చిన్న పనిముట్టు. దాని భారమును ఏండ్ల తరబడి ఒక్కడే జీతములేక మోసెను. అలసిన యాతనికి సాయపడునట్లు నటించి, రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి, ఒకడు 2024లో అందు దొంగదారి తవ్వెను. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు లాగిన్‌కు అరసెకను ఆలస్యమగుట గమనించి, తరచి చూచి, మార్చి 29న లోకమునకు చాటెను. కోడు మూసియున్నచో ఆతడేమి చూచును? పదిమంది కావలియున్నచో దొంగ అంతదూరము వచ్చునా?

కోడు వ్రాసి జీవించు యువతీయువకులు నేడు మన నల్లపాడునను కలరు. వారమునకొక గంట ఈ కావలికి ఇండని మా మనవి. కోడు రానివారు లోపములు తెలుపవచ్చును, చందా ఈయవచ్చును, తెలుగు చేయవచ్చును. స్వేచ్ఛ సంస్థవారు గ్నూ లినక్సును తెలుగుచేసి దారి చూపినారు. మేమును అట్టి తర్జుమాకు కూర్చుంటిమి. ఎన్‌క్రిప్షన్ అను మాటను రైతునకు తెలియునట్లు చెప్పుటకే ఒక సాయంకాలము పట్టినది. ఆ శ్రమ వ్యర్థమని మాకు తోచలేదు.

1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పినవారు విద్యను పదిమందికి తెరచిరి. దానిని నిలిపినది పదిమంది చేయూతయే. ఉమ్మడి చెరువు తానుగా పూడిక తీసికొనదు. మన తాళపుచెవి మన చేతనుండవలెనన్న, తాళము చేయు పనిలో మన చేయి కూడ నుండవలెను.