గుర్రమా, సంసారమా అన్న ప్రశ్నే తప్పు

గుర్రాల పని నేర్చినవాడు విదేశం వెళ్తానంటే మనవాళ్ళు రెండు రకాల సలహాలిస్తారు. మలక్‌పేట రేసు కోర్సు లాయాల్లో అయితే తల నెరిసిన ఉస్తాదు అంటాడు: "పోతే ఒక్కడివే పో బేటా. నాలుగేళ్ళు కష్టపడు, నాలుగు పైసలు చేసుకుని రా. బీవీ బచ్చాలను లాయానికి తీసుకపోతవా ఏంది?" రైడింగ్ స్కూల్లో కోచ్‌గా ఉన్న మధ్యతరగతి కుర్రాడికైతే మేనమామ ఇంకో రకంగా చెబుతాడు: "పెళ్ళాం పిల్లలతో అక్కడ స్థిరపడాలంటే ముందు ఆ గుర్రాల సంగతి మర్చిపోరా. ఏదో ఒక కోర్సు చేసి కంప్యూటర్ ముందు కూర్చో. గుర్రం సరదా ఆదివారాలకు ఉంచుకో." ఒకరు సంసారాన్ని వదలమంటారు, ఇంకొకరు గుర్రాన్ని వదలమంటారు. రెండూ ఒకే విమానం ఎక్కవన్న దగ్గర మాత్రం ఉస్తాదుకూ మేనమామకూ పేచీ లేదు.

ఎందుకెక్కవు అని అడిగితే, "ఆ పని తీరే అంత" అంటారు. నా పేచీ ఈ జవాబుతోనే.

పని తీరు సంగతి చూద్దాం. ఇంగ్లండ్‌లో న్యూమార్కెట్ అనే ఊరుంది. జనాభా ఇరవై వేలకు అటూ ఇటూ, రేసు గుర్రాలు మూడు వేల దాకా. ఊళ్ళో రోడ్డు దాటే చోట సిగ్నల్ స్తంభాలకు రెండు మీటలు ఉంటాయి. ఒకటి నడిచేవాళ్ళ చేతికందే ఎత్తులో, రెండోది జీను మీద కూర్చున్నవాడి చేతికందే ఎత్తులో. పొద్దున ఆ పై మీట నొక్కి వారెన్ హిల్ వైపు వరసగా వెళ్ళే రైడర్లలో ఇప్పుడు మనవాళ్ళు చాలామంది. రాజస్థాన్ వాళ్ళు ఎక్కువ. మన రేసు కోర్సుల్లో రైడింగ్ బాయ్‌గా చేసి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

అక్కడ చాలా లాయాల్లో పని తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నానికి ఒక కొలిక్కి వస్తుంది. పేడ, తడిసిన పరుపు ఎత్తెయ్యడం, నీళ్ళు మార్చడం, గిట్టల్లో ఇరుక్కున్న మట్టి గీకెయ్యడం, జీను బిగించి పరుగుకు తీసుకెళ్ళడం, వచ్చాక చెమట కడిగి ఆరబెట్టడం. ఇలా ఒక్కొక్కరి కింద మూడు నాలుగు గుర్రాలు. మళ్ళీ సాయంత్రం దాణా వేళకు ఒక విడత. ఆ విడతలోనే అసలు నేర్పు తెలుస్తుంది. మోకాలి కింద నరం వెంబడి అరచేత్తో నెమ్మదిగా కిందికి తడుముతూ పోతారు. పొద్దున లేని వెచ్చదనం సాయంత్రం ఎక్కడైనా తగిలితే మర్నాడు ఆ గుర్రానికి పరుగు లేదు, ట్రైనర్‌కు వెంటనే చెప్పాలి. అది ఏ డిగ్రీతోనూ వచ్చే విద్య కాదు. మలక్‌పేటలో గుర్రాలను చూసుకునే సైసుకు అది చిన్నప్పుడే పట్టుబడుతుంది.

ఇందులో సంసారానికి అడ్డమొచ్చేది ఏమిటి? పెందలాడే లేవడమా? పాలవాడూ లేస్తాడు, ఆర్టీసీ డ్రైవరూ లేస్తాడు. ఆదివారాల డ్యూటీయా? నర్సుకూ ఉంది. రాత్రంతా అమెరికా టైముకు కాల్స్‌లో కూర్చుని పగలు పడుకునే అల్లుణ్ణి సంసారపక్షం మనిషంటాం. మధ్యాహ్నం నాలుగు గంటలు ఇంటిపట్టున ఉండే గుర్రపు మనిషిని మాత్రం సంసారానికి పనికిరాడంటాం. పడితే ఎముకలు విరుగుతాయన్నది నిజమే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ కాలు విరిగి మంచం పట్టినవాడికి పక్కన మనిషి ఉండాలా, అక్కర్లేదా? దెబ్బలు తగిలే పని కాబట్టి ఒంటరిగా పో అనడం నాకు ఎప్పటికీ అర్థం కాని తర్కం.

పోనీ, ఈ వృత్తి చరిత్రలో కుటుంబాలు లేవా అంటే, ఇందులో ఉన్నన్ని కుటుంబాలు ఎందులోనూ లేవేమో. లూకా కుమానీ మిలాన్‌లో పుట్టాడు, తండ్రి ఇటలీలో పేరున్న ట్రైనర్. 1976లో న్యూమార్కెట్‌లో సొంతంగా లాయం మొదలుపెట్టి నాలుగు దశాబ్దాలు నడిపాడు. కొడుకు మాట్ ఆస్ట్రేలియా వెళ్ళి బాలరాట్‌లో ట్రైనర్ అయ్యాడు, కూతురు ఫ్రాంచెస్కా టీవీలో రేసుల వ్యాఖ్యాత. మూడు తరాలు, మూడు దేశాలు, గుర్రం మాత్రం చెయ్యి జారలేదు. అదే కుమానీ లాయానికి 1985లో పద్నాలుగేళ్ళ వయసులో వచ్చిన ఇటలీ కుర్రాడు, తర్వాత జాకీ అయిన ఫ్రాంకీ డెట్టోరీ. ఒంటరిగానే వచ్చాడు, ఒప్పుకుంటాను. ఒంటరిగా ఉండిపోలేదు, ఆ చుట్టుపక్కలే ఇల్లు కట్టుకుని అయిదుగురు పిల్లల్ని పెంచాడు. వాళ్ళంతా తెల్లవాళ్ళంటారా? దుబాయ్ జబీల్ లాయాన్ని ఏళ్ళ తరబడి నడిపిన సతీశ్ సీమార్ మన దేశస్థుడు. ఆయన తర్వాత పగ్గాలందుకున్న భూపత్ సీమార్ ఆయన అన్నదమ్ముల బిడ్డే. 2024 దుబాయ్ వరల్డ్ కప్‌లో లారెల్ రివర్ ఎనిమిదిన్నర లెంగ్తుల తేడాతో గెలిచింది భూపత్ శిక్షణలోనే.

ఇక్కడ మలక్‌పేట ఉస్తాదు నన్ను ఆపుతాడని తెలుసు. "వాళ్ళు దొరలు, మేం సైసులం" అంటాడు. బాగుంది, అసలు విషయం అదే. అంటే అడ్డం వస్తున్నది గుర్రం కాదన్నమాట. అదే గుర్రం, అదే లాయం, అదే తెల్లవారుజాము. ట్రైనర్‌కు కుటుంబం ఉండొచ్చు, సైసుకు ఉండకూడదు. ఇది పని తీరు ఎలా అవుతుంది? ఎవరో గీసిన గీత ఇది.

ఆ గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడండి. యూఏఈలో భార్యాబిడ్డలకు వీసా చేయించాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000 దిర్హాములతోపాటు వసతి ఉండాలి. జీతం దానికి ఒక్క మెట్టు కింద పెట్టి, పదిమందిని ఒక గదిలో పడుకోబెడితే చాలు, సంసారం ప్రసక్తే రాదు. బ్రిటన్‌లో లెక్క ఇంకో రకం. 2020తో యూరప్ దేశాల వాళ్ళ స్వేచ్ఛా రాకపోకలు ఆగిపోయాక లాయాల్లో పనివాళ్ళ కరువు ముదిరింది. రేసింగ్ గ్రూమ్‌నూ వర్క్ రైడర్‌నూ అక్కడి సర్కారు స్కిల్డ్ వర్కర్ వీసాకు అర్హులుగా గుర్తించింది. అప్పట్లో ఆ వీసా మీద భార్య రాగలిగేది, ఉద్యోగం చెయ్యగలిగేది, పిల్లలు సర్కారు బడిలో ఫీజు లేకుండా చదవగలిగేవాళ్ళు. చెల్లించాల్సింది మాత్రం తక్కువేం కాదు. ఆరోగ్య సర్‌చార్జీయే 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు 776 పౌండ్లు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, మూడేళ్ళ వీసా అనుకుంటే 10,866 పౌండ్లు. మన డబ్బుల్లో పది లక్షలు దాటిన ఆ మొత్తాన్ని దరఖాస్తు పెట్టేటప్పుడే కట్టాలి. దానికి భయపడి భార్యను ఊళ్ళో వదిలి వెళ్ళినవాడు, ఆరేళ్ళ తర్వాత తమ్ముడికి చెప్పే మాటేమిటి? "గుర్రాల పని అట్లాంటిది రా" అని. సర్‌చార్జీ సంగతి ఎత్తడు, ఎత్తితే చిన్నతనం.

ఆ తర్వాత 2025 జూలై 22న బ్రిటన్ నిబంధన మార్చింది. డిగ్రీ స్థాయి కన్నా తక్కువ నైపుణ్యమని లెక్కగట్టిన ఉద్యోగాల్లో, మినహాయింపు జాబితాల పుణ్యమా అని ఇంకా వీసా దొరుకుతున్నవాటికి కూడా, కొత్తగా వచ్చేవాళ్ళు కుటుంబాన్ని తెచ్చుకోకూడదంది. గుర్రపు పని ఆ లెక్కలో డిగ్రీకి కిందే. ఆ తేదీకి ముందే ఆ వీసా దారిలో ఉన్నవాళ్ళకు మాత్రం కుటుంబ హక్కు పోలేదు. అంటే రేపు పొద్దున వారెన్ హిల్ ఎక్కే వరసలో ముందు గుర్రం మీదివాడు తన కూతుర్ని బడికి పంపి ఉంటాడు, వెనక గుర్రం మీదివాడు తన కూతురితో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటాడు. ఇద్దరి జీనూ ఒకటే, జీతమూ దాదాపు ఒకటే, ఎక్కే కొండా ఒకటే. వీసా మీది తేదీ ఒక్కటే వేరు. "ఆ పని తీరే అంత" అనేవాళ్ళు ఈ ఇద్దరిలో ఎవరి పని తీరు గురించి మాట్లాడుతున్నారో చెప్పాలి.

మేనమామ సలహాకూ ఇదే జబ్బు. ఆయనకు తెలిసిన గుర్రపు స్వారీ పిల్లలంటే పత్రికల్లో ఫొటోలొచ్చినవాళ్ళు. 2023లో హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో డ్రస్సాజ్ జట్టు 41 ఏళ్ళ తర్వాత ఆశ్వికంలో మనకు బంగారు పతకం తెచ్చింది. అందులో అనూష్ అగర్వాల పదిహేడేళ్ళకే కోల్‌కతా వదిలి జర్మనీ వెళ్ళాడు, సుదీప్తి హజేలా ఇండోర్ నుంచి ఫ్రాన్స్ వెళ్ళింది. చూశారా, గుర్రం కావాలంటే ఇల్లు వదలాల్సిందే అని తేల్చేస్తారు. వాళ్ళెందుకు వెళ్ళారో అడగరు. మంచి కోచ్‌లు అక్కడున్నారన్నది ఒకటి. రెండోది, ఇక్కడ పెంచిన గుర్రాన్ని పోటీకి బయటి దేశం తీసుకెళ్ళే దారి వ్యాధి నిబంధనల వల్ల ఏళ్ళ తరబడి మూసుకుపోయినట్టే ఉండింది. ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ లేని దేశంగా 2014 నుంచీ గుర్తింపు ఉన్నా మిగతా జబ్బుల విషయంలో నమ్మకం కుదరలేదు. 2025 జూలైలో మీరట్ కంటోన్మెంట్‌లోని ఆర్మీ పశువైద్య కేంద్రాన్ని వ్యాధిరహిత ఆవరణగా ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తించాక ఆ తలుపు కాస్త తెరుచుకుంది. ఇన్నాళ్ళూ పిల్లల్ని ఇళ్ళకు దూరం చేసిన కారణాల్లో ఒకటి క్వారంటైన్ కాగితం. దాన్నీ గుర్రం నెత్తినే రుద్దాం.

ఇంకొకటి చెప్పాలి, ఇది మన ఇంటి గుట్టు. గుర్రాల వాడి కుటుంబం విడిపోవడం విమానం ఎక్కాకే మొదలవదు. ముంబయి గుర్రాలు చలికాలం మహాలక్ష్మిలో, వానాకాలం పుణెలో. ఎండాకాలం ఊటీ సీజన్ ఉన్నన్నాళ్ళూ అక్కడికి. గుర్రాలతో సైసులూ కదిలారు, భార్యాపిల్లలు ఉన్నచోటే ఉన్నారు. 1886లో ఆరో నిజాం రేసుల్ని మౌలాలీ నుంచి మలక్‌పేటకు మార్పించిన నాటినుంచి లాయాల చుట్టూ ఎన్ని కుటుంబాలు బతికాయో, వాటికి సరైన క్వార్టర్ కావాలని మనమెంత గట్టిగా అడిగామో ఆలోచించండి. ఇక్కడే అడగనివాడు అక్కడేం అడుగుతాడు?

అడిగినచోట మారింది. న్యూమార్కెట్‌లో కూడా ఒకప్పుడు లాయం కుర్రాళ్ళంటే హాస్టల్లో పడుండే ఒంటరి ప్రాణులే. 1975లో జీతాల కోసం సమ్మెకు దిగారు. వన్ థౌజండ్ గినీస్ పందెం నాడు ట్రాక్‌కు అడ్డంగా కూర్చుంటే జాకీలూ ప్రేక్షకులూ వాళ్ళ మీదికి వెళ్ళారు, పెద్ద గొడవైంది. ఆ సమ్మె తర్వాత వాళ్ళకంటూ సంఘం ఏర్పడింది. ఈ రోజు ఆ లాయాల్లో పనిచేసేవాళ్ళలో ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మన లాయాల్లో ఆడ సైసు కనపడడమే అరుదు. లాయం గోడ పక్కనే పుట్టి పెరిగి, ఏ గుర్రం కరుస్తుందో ఏది తంతుందో మొగుడి కన్నా ముందే పసిగట్టే ఇల్లాలిని మనం లెక్కలోకే తీసుకోం. భార్య రావడమంటే ఇంకో నోరు అని లెక్కవేస్తాం. అక్కడ అది ఇంకో జీతం కూడా కాగలదు.

అందరూ పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని పొండి అనడం లేదు. గదికి పదిమంది ఉండే వసతికి, యజమాని మారితే కాగితాలు గల్లంతయ్యే చోటికి పసిపిల్లల్ని తీసుకెళ్ళమని ఎవరూ చెప్పరు. బ్రిటన్‌లో కూడా ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కోవడానికి మామూలుగా ఇచ్చేది 60 రోజులే. నలుగురున్న ఇంటికి ఆ 60 రోజులు ఎలా గడుస్తాయో ముందే లెక్క వేసుకోవాలి. ఈ లెక్కలు వేసి, వద్దనుకుని ఒక్కడే వెళ్ళేవాడితో నాకు గొడవ లేదు.

గొడవల్లా లెక్కే వేయనివ్వని ఆ సలహాతో. ఉస్తాదు మాట తలకెక్కించుకున్న కుర్రాడు ఏజెంటు ముందు కూర్చుని ఒక్క జీతం గురించే బేరమాడతాడు. ఏ దేశం, ఏ రకం వీసా, అది కుటుంబాన్ని రానిస్తుందా, రానివ్వకపోతే ఎన్నేళ్ళకు ఇంకో వీసాకు మారొచ్చు, వసతి గదా ఇల్లా, సర్‌చార్జీ ఎవరు కడతారు, గుర్రం మీంచి పడితే పని చెయ్యలేని నెలల జీతం మాటేమిటి అన్నవి అడగడు. ఎందుకు అడుగుతాడు? సంసారం కుదరని పని అని పెద్దవాళ్ళు ముందే తేల్చేశారు కదా. ఏజెంటుకు కావలసిందీ అదే. ఒంటరివాడు చవక. గది చాలు, బడి అక్కర్లేదు, ఏడాదికోసారి టికెట్ ఇస్తే దండం పెడతాడు. ఈసారి ఎవరైనా కుర్రాడు సంతకానికి ముందు సలహా అడగడానికొస్తే, ఉస్తాదు ఆ కాగితంలో జీతం అంకె పక్కకు పెట్టి వసతి, కుటుంబం అన్న వరసల్లో ఏం రాసుందో చదివించమనాలి. అక్కడ ఖాళీ ఉంటే, ఏజెంటు చేత రాయించుకు రమ్మని వెనక్కి పంపాలి.